బందు రోజు బేకరీ

ఎదురింటి కొట్టు షట్టర్‌కు నూనె వేయమని నెల నుంచి మొరపెట్టుకుంటున్నాను. ఆ కీచుమన్న చప్పుడుకు మా ప్రొద్దుటూరు గుడ్డల అంగడి గుర్తొస్తుంది. జమ్మలమడుగు వైపు రెండు పార్టీలకు మాటామాటా పెరిగితే చాలు, ప్రొద్దుటూరులో మా షట్టర్ దిగేది.

నా చిన్నప్పుడు ఒకసారి రంజాన్ ముందు వారం అలాగే బందు వచ్చింది. పండగకు దించిన సరుకంతా అంగట్లోనే ఉండిపోయింది. నాన్న ఇంట్లో కాలు నిలవక తిరుగుతున్నాడు. బందంటే లోకంలోని అంగళ్లన్నిటికీ అనుకున్న నేను, కంప్యూటర్ ఆటలో నేను నడిపే బేకరీ మూసి, అద్దాలకు సోఫాలు అడ్డం పెట్టాను. బయట కొనేవాళ్లు అయోమయంగా నిలబడ్డారు.

నాన్న తెర దగ్గర ఆగాడు. "ఏందిరా, మూసినావు?"

"బందు గదా నాయనా! అద్దాలు పగలగొడతారు."

"ఆడ పార్టీలుండాయా?"

"లేవు."

"అట్లయితే తెరువు. మనింట్లో ఒక అంగడన్నా జరగనీ."