ఆఫీసుకి రెండు కాపీలు

అమలాపురంలో నేను ఉద్యోగం చేసిన పత్రికకి నాలుగే పేజీలు. వారానికొకసారి, శుక్రవారం వచ్చేది. మొదటి పేజీ వార్తలకి, రెండోది ఉత్తరాలకి, మూడోది పెళ్లిళ్లకీ పెద్దకర్మలకీ. నాలుగో పేజీ మమ్మల్ని బతికించే పంచాయతీ ప్రకటనలకి. సంత వేలం, రేవు వేలం, చెరువులో చేపల వేలం, కాలవ గట్టు మీద కొబ్బరిచెట్ల ఫలసాయం వేలం. పేజీలన్నీ కంప్యూటర్లో కూర్చే పని నాది.

పత్రిక నడిపే ఆయన బడిలో తెలుగు చెప్పి రిటైరైన మనిషి. ఊరంతా మాస్టారు అనేది, నేనూ అలాగే పిలిచేదాన్ని. ఆయనకి ప్రకటన అడగడం చేతకాదు. గుడ్డసంచీలో పాత సంచికలు పెట్టుకుని పంచాయతీ కార్యదర్శుల దగ్గరికి వెళ్లేవారు. వాళ్ల పిల్లల చదువులు, ఊడ్పులు, మోకాళ్ల నొప్పులు అన్నీ మాట్లాడి, లేచి గుమ్మం దాకా వచ్చాక, "వీలుంటే మమ్మల్ని కాస్త గుర్తుంచుకోండి" అనేవారు. "ఆయ్, తప్పకుండానండీ" అనేవారు వాళ్లు. కొందరు నిజంగానే గుర్తుంచుకునేవారు. పెద్ద పేపర్ల జిల్లా ఎడిషన్లకి సర్పంచుల ఫొటోలతో అరపేజీలు వెళ్లేవి, మాకు అగ్గిపెట్టెంత ముక్క వచ్చేది. నాకు ఒళ్లు మండిపోయేది.

"గట్టిగా అడగండి మాస్టారూ, మన హక్కు కదా" అన్నాను ఒకసారి.

"అడిగితే ఇస్తారమ్మా. తరవాత వాళ్ల మురిక్కాలవ సంగతి ఎలా రాస్తాం?" అన్నారు.

నేను మూతి ముడుచుకుని కూర్చున్నాను. నా జీతం కూడా ఆ ముక్కల్లోంచే రావాలి మరి.

ప్రకటన అచ్చయ్యాక రెండు కాపీలు పంచాయతీ ఆఫీసుకి ఇవ్వాలి. వాళ్లు ఫైల్లో పెట్టుకుంటారు, అంతటితో నియమం తీరిపోతుంది. మిగతా కాపీలు ఎంతమంది చదివారో, అసలు ఉన్నాయో లేదో ఎవరూ అడగరు. అందుకే ప్రకటన దొరికిన వారం మాత్రమే పుట్టే పేపర్లు కొన్ని ఉండేవి. ఆఫీసుకి రెండు, ఇంట్లో దాచుకోవడానికి నాలుగు అచ్చువేస్తే వాళ్ల పని అయిపోయినట్టే. మాస్టారికి వాటి మాటెత్తితేనే కోపం. "జనానికి చెప్పడానికి జనం సొమ్ము ఇస్తున్నారు. జనానికి చెప్పకపోతే ఆ సొమ్ము మనకెందుకమ్మా?" అనేవారు.

మా నాలుగో పేజీని అక్షరం వదలకుండా చదివే మనిషి నాకు తెలిసి ఒక్కరే. రాజోలు వైపు కాలవ గట్టునున్న ఒక ఊళ్లో, యాభై దాటిన ఆవిడ. నేను పిన్నిగారూ అనేదాన్ని. ఆవిడ భర్త కొబ్బరి దింపు తీసేవాడు, అంటే చెట్టెక్కి కాయలు కోసే పని. ఒక వానాకాలం చెట్టు మీంచి జారిపడి నడుము పోయింది. అప్పటినుంచి గట్టు మీదున్న పంచాయతీ చెట్ల ఫలసాయం ప్రతి ఏడూ వేలంలో పాడుకుని, మనిషిని పెట్టి దింపు తీయించి, తనే ఒలిచి అమ్మి ఆ ఇల్లు నడిపేది. అయిదో తరగతి చదువు. ఊళ్లో టముకు వేసి వేలం సంగతి చాటే ఆయన పోయాక ఆ పని ఎవరికీ అప్పజెప్పలేదు. వేలం తేదీ వాట్సాప్ గ్రూపులో పెడుతున్నారు, ఆవిడది బటన్ల ఫోను. అందుకని బస్సులో మా పేపర్ల కట్ట ఊళ్లో దిగగానే టీ కొట్టు దగ్గరికి వెళ్లి తన కాపీ తెచ్చుకునేది. ఎప్పుడైనా అమలాపురం వస్తే మా ఆఫీసులోకి తొంగిచూసి, "పోయిన వారం సంత వేలంలో తేదీ ఉంది, వారం తప్పు వేసేరండీ" అని చెప్పి, సిగ్గుపడి వెళ్లిపోయేది.

ఒక ఏడు గోదావరికి వరద వచ్చింది. మాస్టారు జ్వరంతో కాకినాడ ఆస్పత్రిలో ఉన్నారు. సరిగ్గా అప్పుడే ఆవిడ ఊరి కొబ్బరిచెట్ల వేలం ప్రకటన మాకు వచ్చింది. రోడ్లు తెగి, ప్రెస్సుకి రావలసిన కాగితం దారిలో నిలిచిపోయింది.

"మిగులు కాగితం మీద ఓ పాతిక వస్తాయండి. ఆఫీసుకి రెండిచ్చేయండి, అందరూ చేసేదే కదండీ" అన్నాడు ప్రెస్సాయన.

మాస్టారికి ఫోన్ చేసి ఉండవలసింది. జ్వరంలో ఎందుకు కంగారుపెట్టడం అని నాకు నేనే చెప్పుకున్నాను. అసలు కారణం అది కాదు. ఆయన వద్దంటారని తెలుసు. ప్రకటన వదులుకుంటే మళ్లీ ఆ పంచాయతీ మా గుమ్మం తొక్కదని భయం. పాతిక కాపీలు తీయించాను, రెండు కార్యదర్శి ఆఫీసుకి పంపించాను, బస్సులకి కట్టలు వేయలేదు. వానల వల్ల ఈ వారం పేపరు లేదని ఊళ్లకి కబురుపెట్టాను. పత్రికని నిలబెట్టానని నన్ను నేనే మెచ్చుకున్నాను కూడా. ఆ పేజీలో ఉన్నవి ఎవరి చెట్లో నాకు గుర్తే రాలేదు.

రెండు వారాల తరవాత గొడుగు వాకిట్లో ఆనించి పిన్నిగారు లోపలికి వచ్చింది. మాస్టారు అప్పటికి తిరిగొచ్చి పక్కగదిలో పడుకుని ఉన్నారు.

"మా చెట్ల మీద కొత్త మనిషి దింపు తీస్తున్నాడండీ. వేలం అయిపోయిందంటున్నారు. పేపర్లో వేసేం కదా అంటున్నారు ఆఫీసులో. ఒకసారి చూపిస్తారేంటండీ?"

బీరువాలోంచి ఒక కాపీ తీసి ఇచ్చాను. ఆవిడ పేపరు తిప్పి, వేలు పెట్టి నాలుగో పేజీ మొత్తం చదివింది. తరవాత చాలాసేపు ఆ కాగితాన్నే చూసింది.

"వేశామండీ. కట్ట బస్సులో ఎక్కడో పోయినట్టుంది" అన్నాను. అంత గబుక్కున అబద్ధం నా నోట్లోంచి ఎలా వచ్చిందో ఇప్పటికీ తెలియదు.

ఆవిడ నా మొహంలోకి చూసింది. "అయితే తప్పు నాదేనండి. నేనే వాకబు చేసుకోవాల్సింది" అని పేపరు జాగ్రత్తగా బల్ల మీద పెట్టి, గొడుగు తీసుకుని వెళ్లిపోయింది.

నాలుగు తిట్లు తిట్టినా బాగుండేది. పక్కగదిలోంచి మాస్టారు గోడ పట్టుకుని వచ్చి, ఆ పేపరు తీసుకుని చూశారు. "ఎన్ని వేశామమ్మా?" అన్నారు. చెప్పాను. చొక్కా వేసుకుని ఆటో పిలవమన్నారు.

ఆ ఊరి పంచాయతీ కార్యదర్శి చిన్నవయసు అమ్మాయి, మాస్టారి దగ్గరే చదువుకుంది. ఆయన అక్కడే కూర్చుని కాగితం రాశారు. ఫలానా సంచిక పాఠకులకి పంచలేదు, కనక ప్రకటన ప్రచురించినట్టు లెక్క కాదు, బాధ్యత నాది. ఇదీ సారాంశం. ఆ అమ్మాయి చదివి కళ్లనీళ్లు పెట్టుకుంది.

"మాస్టారండీ, ఈ కాగితం ఫైల్లో పెడితే ప్రకటనల లిస్టులోంచి మీ పేపరు పేరు తీసేస్తారండీ. ఒక్క మా పంచాయతీయే కాదు, అందరూ."

"ఆయ్, తీసేయనివ్వమ్మా. ఆ చెట్లు మళ్లీ వేలం వెయ్యి."

"పని నాది, మీరు మీ పేరు రాశారేమిటి?" అన్నాను తిరిగి వస్తుంటే, ఏడుపు ఆపుకుంటూ.

"పేపరు మీద ఉన్నది నా పేరే కదమ్మా" అన్నారు. జ్వరం ఇంకా పూర్తిగా తగ్గలేదు, ఆటో కుదుపులకి కళ్లు మూసుకున్నారు.

రెండో వేలం ప్రకటన వేరే పేపరుకి వెళ్లింది. మాస్టారు దాన్ని ఎవరూ అడగకుండానే మా మొదటి పేజీలో పెద్ద అక్షరాలతో వేయించారు. ఆ వారం కట్ట నేనే బస్సులో తీసుకెళ్లి టీ కొట్టు దగ్గర దింపాను. పిన్నిగారు చెట్లు పాడుకుంది. మొదటి వేలంలో పాడుకున్నాయన కోసుకున్న ఒక దింపు కాయలు మాత్రం పోయాయి.

మా నాలుగో పేజీ ఖాళీ అయింది. ఏడాది పాటు మాస్టారు అందులో పిల్లల పద్యాలు, వైద్య చిట్కాలు వేసి లాక్కొచ్చారు. తరవాత ఆపేశారు. ఆఖరి సంచిక పిన్నిగారికి నా చేత్తో ఇవ్వాలనిపించి ఆ ఊరు వెళ్లాను. పెరట్లో కూర్చుని కాయలు ఒలుస్తోంది. పేపరు ఇచ్చి, నిలబడే అంతా చెప్పేశాను. పాతిక కాపీలు, కబురు, అబద్ధం.

"నాకు తెలుసమ్మా" అంది, చేతిలో కాయ వదలకుండానే.

"మాస్టారు చెప్పారా?"

"ఆయన చెబుతారేంటి? ఆ వారం పేపరు లేదని టీ కొట్టుకి కబురొచ్చింది, నువ్వేమో కట్ట పోయిందన్నావు. కట్టలో వచ్చే పేపరు నాలుగు మడతలుంటుంది, తాడు గుర్తు పడుతుంది. నువ్విచ్చిన పేపరుకి అడ్డ మడత లేదు. బస్సెక్కించడానికి వేసింది కాదని అప్పుడే తెలిసింది."

"మరి తప్పు మీదని ఎందుకన్నారు పిన్నిగారూ?"

"పక్కగదిలో పెద్దాయన దగ్గు వినిపించింది. ఆయన వింటుంటే నిన్నెలా అడగను? చిన్నపిల్లవి, ఉజ్జోగం పోతుందని భయపడ్డాను."

నేను ఆ ఒలిచిన కొబ్బరి డొక్కల మధ్యే కూర్చుని ఏడ్చాను. ఆవిడ పీచు అంటుకున్న చెయ్యి చీరకి తుడుచుకుని నా వీపు నిమిరింది. కాసేపయ్యాక ఆఖరి సంచిక విప్పి, అలవాటు కొద్దీ నాలుగో పేజీకి తిప్పింది. అక్కడ పద్యాలు ఉన్నాయి.

"ఇహ మీ పేపరు లేదు కదా" అంది మెల్లగా. "వచ్చే ఏడు వేలం ఎప్పుడో నాకెవరు చెబుతారమ్మా?"

ఇప్పుడు నేను ఒక బడి ఆఫీసులో పనిచేస్తున్నాను. ప్రతి ఏడూ వేలం ప్రకటన తయారవగానే ఆ కార్యదర్శి నా ఫోన్‌కి పంపిస్తుంది. నేను పిన్నిగారికి ఫోన్ చేసి, పంచాయతీ పేరు నుంచి కింద సంతకం దాకా మొత్తం చదువుతాను. ఆవిడ అంతా విని, "తేదీ ఇంకోసారి చదువమ్మా" అంటుంది. చదువుతాను.