గజ్జెలకు వంగిన దారి

అత్తగారి గజ్జెలు వినబడితే చాలు, ఆ అల్లుడు ఎక్కడివాడక్కడే పొదలో దూరేవాడు. అత్త మొహం చూస్తే కళ్ళు పోతాయని అమెరికా ఎడారిలోని నవాహో తెగ అల్లుళ్ళందరికీ భయమే; ఇతనిది మాత్రం ఊరందరి వంతూ కలిపినంత. అందుకే అత్త గ్లీనబా పొద్దున్నే నడుముకి చిరుగజ్జెలు కట్టుకుని గాని గడప దాటేది కాదు. ముప్ఫై ఏళ్ళలో ఆమె చూసింది అతని బూట్ల మడమలే. మొన్న చలికాలంలో అతను పోయాక గజ్జెలు మేకుకెక్కాయి. చప్పుడు లేని తన నడక ఆమెకే పరాయిగా ఉంది.

అతను ఉన్నన్నాళ్ళూ, మాట్లాడాల్సొస్తే పొదకి అటొకరు ఇటొకరు నిలబడి ఇద్దరూ మేకతోనే.

"మేకా, వాన వచ్చేలా ఉంది, కట్టెలు కప్పుకోమను మీ అవ్వని."

"మేకా, నిన్న నా మొక్కజొన్న తొక్కిందెవరో అడుగు మీ మావని."

కొన్నేళ్ళ కిందట ఆ చుట్టుపక్కల పటం గీయడానికి మూడుకాళ్ళ బల్లతో ఒకాయన వచ్చాడు. అందరూ మూడుకాళ్ళ బల్లాయన అనేవారు. కొలతకర్ర పట్టుకునే పని అల్లుడిది. గజ్జెలు మోగగానే కర్ర మాయం.

"ఈ దిబ్బ ఎత్తు మూడుసార్లకి మూడు రకాలుగా వచ్చిందేమయ్యా?"

"మా అత్త ఎటు నడిచిందో దాన్నిబట్టి."

మొన్న గురువారం, వారానికోసారి వచ్చే నీళ్ళ లారీ గ్లీనబా వాకిట్లో ఇసుకలో కూరుకుపోయింది. కొత్త డ్రైవరు చక్రం తవ్వుతూ గొణిగాడు. "తిన్నగా వాగు వెంట పోవాల్సిన దారిని ఇలా వంచిందెవరవ్వా? పటంలో ఉందని వచ్చి చచ్చాను."

పటం పరిచాడు. గీత ఆమె గడప దాకా వచ్చి వెనక్కి తిరిగింది.

సాయంత్రం కూతురు దెజ్బాని అడిగితే నవ్వింది. "గొర్రెలకి మందునీళ్ళ స్నానమని నిన్ను తీసుకుపోయానే, మా ఆయనే తీసుకెళ్ళమన్నాడు. ఆ రోజు కర్ర పట్టుకుని నీ గడప దాకా నడిచాడు. 'ఇది మేకల దారి కదా' అన్నాట్ట బల్లాయన. 'ముందు మేకలే నడుస్తాయి, లారీ తర్వాత వస్తుంది' అన్నాడట ఈయన."

"ఎందుకటా?"

"మా అత్త రోజంతా మేకతోనే మాట్లాడుతుంది, వారానికోసారైనా ఓ మనిషి రావాలని."

గ్లీనబా పొయ్యి ఎగదోసింది.

"మరిచిపోకమ్మా, రేపైనా ఆ గజ్జెలు పెట్టెలో సర్దెయ్" అని చెప్పి వెళ్ళింది దెజ్బా.

తెల్లారింది. గ్లీనబా సర్దలేదు. నడుముకి కట్టుకుని మేకలను తోలుకుపోయింది. దిబ్బ మలుపులో పొద కనబడగానే ఆగి, కాసేపు దానికి వీపు పెట్టి నిలబడింది.

"దూరాడా?" అని మేకనడిగింది.