తోక చూడమన్న గోవిందమ్మత్త

నిన్న ఉదయం తిరుపతిలో మా మిద్దె మీద బట్టలు ఆరేస్తుంటే పక్కింటి నీళ్ల ట్యాంకు మీంచి గరగరమని ఒక మోటు అరుపు వినిపించింది. తల తిప్పకముందే పాలపిట్ట అని తెలిసిపోయింది. తడిచీర చేతిలో పట్టుకుని అలాగే నిలబడిపోయాను. ఆ పక్షిని నాకు మొదట చూపించింది గోవిందమ్మత్త. నగరిలో చీరలు నేసే మనిషి. బడి ముఖం ఎరగదు.

డెబ్బైల చివర్లో నగరి బడిలో సైన్సు టీచరుగా చేరి, ఆవిడ ఇంటి పక్క వాటాలో అద్దెకు దిగాను. నాకప్పుడు ఇరవై రెండేళ్లు. పక్షుల పాఠం గడగడా చెప్పేదాన్ని గానీ కాకి, పిచ్చుక దాటితే ఒక్కటీ గుర్తుపట్టలేను. ఆదివారాల్లో మగ్గంలో కూర్చునేముందు ఆవిడ చేలగట్ల వెంట నడిచేది, నన్నూ రమ్మనేది. మొదటి రోజే కరెంటు తీగ మీది పక్షిని చూపించి, "అదేంది, చెప్పు టీచరమ్మా" అంది.

"ఏదో మట్టిరంగు పిట్ట అత్తా."

"రంగును ముందు నమ్మగాకు. నేను దినమంతా రంగు నూలుతోనే ఉండేదాన్ని, నాకు తెలుసు. ఎండలో ఒకటి, నీడలో ఒకటి. తల ఎంత, ముక్కు ఎంత, తోక ఎట్లుండాది, అది సూడు. రంగు కడాన."

పెద్ద తల, బలమైన ముక్కు, పొట్టి మెడ అని నేను ఒక్కొక్కటే చెబుతుండగానే అది రెక్కలు విప్పింది. ఆ మట్టిరంగులోంచి లేత నీలం, ముదురు నీలం పట్టీలు పట్టీలుగా తెరుచుకున్నాయి. అదే పాలపిట్ట. ఎన్ని వందలసార్లు చూసి ఉంటుందో, ఆవిడా కొత్తగా చూసినట్టే చూసింది. అది ఎగిరిపోయాక, "అట్లాంటి నీలం మా నూలుకు యాడ పడతాది" అంది.

రెండేళ్లు అలా తిరిగాక నాకు అన్నీ వచ్చేశాయన్న ధీమా కలిగింది. ఒక ఆదివారం నేను ముందు నడుస్తుంటే, మునిరత్నం అనే రైతు తన చేని దగ్గర ఆపి, ఎండుచెట్టు కొనమీది పక్షిని చూపించాడు. "దినామూ ఒక కోడిపిల్లను ఎత్తుకపోతా ఉండాది. అది గద్దే కదా టీచరమ్మా?"

వంకర ముక్కు ఒక్కటే చూసి, "గద్దే" అన్నాను.

అతను గుడిసెలోకి పోయి నాటు తుపాకీ తెచ్చి ఎక్కుపెట్టాడు. అప్పుడుగానీ నా మాట బరువు నాకు తెలియలేదు. వద్దని చెప్పాలనుకున్నాను. చెప్పకుండా అత్త కోసం వెనక్కి చూశాను.

వెనక వస్తున్న గోవిందమ్మత్త గట్టు దిగి అతని పక్కన నిలబడింది. "ఆగప్పా. కోడిపిల్లల్ని ఎత్తుకపోయేదాని తోక ఎట్లుంటాది?"

"చీలి ఉంటాది, చేపతోక మాదిరి."

"దీనికి యాడుండాది చీలిక? పొట్టి తోక. ఒళ్లు తెలుపు, భుజాన నలుపు. కాకంత కూడా లేదు. రవంతసేపు సూడు."

అతను తుపాకీ దించలేదు, పేల్చనూ లేదు. పక్షి లేచి వేరుశనగ చేని మీద గాలిలో ఒకేచోట నిలిచింది. రెక్కలు ఆడుతున్నాయి, తల మాత్రం ఇసుమంతైనా కదలదు. ఉన్నట్టుండి రెక్కలు పైకెత్తి నిట్టనిలువునా దిగి, గోళ్లలో ఎలుకతో లేచింది.

"నా సెనక్కాయలు తినే ఎలకనే పట్టుకుపోయిందే" అంటూ మునిరత్నం తుపాకీ దించాడు. అది కనుమరుగయ్యేదాకా చూస్తూనే ఉన్నాడు.

తిరిగి వస్తుంటే, "గద్ద అని చెప్పింది నేనే అత్తా" అన్నాను.

"విన్నాను" అంది ఆవిడ. కొంతదూరం నడిచాక, "తెలీకపోతే తెలీదను. టీచరమ్మ మాటంటే ఊరు నమ్ముతాది" అంది. మళ్లీ ఎన్నడూ ఆ సంగతి ఎత్తలేదు.

ఆవిడ పోయి చాలా ఏళ్లయింది. ఆ ఆదివారం తర్వాత నేను ఇంకో ముప్పై ఏళ్లు పాఠాలు చెప్పాను. పిల్లలు ఏదైనా పక్షిని చూపి పేరడిగితే, "తెలియదు, చూద్దాం పదండి" అనేదాన్ని. మొదట్లో అలా అనడానికి సిగ్గేసేది. కానీ ఆ మాట అనగానే తరగతి అంతా బయటికి వచ్చి, తలలు పైకెత్తి, కిక్కురుమనకుండా చూసేది.