కొండ జీపు, రెండు దీపాలు

ఆ కొండ మీద లోగేరు అంటే తెలియనివాళ్ళు లేరు. కన్నవాళ్ళు పెట్టిన పేరు కాదది. అన్నం తిన్నా నిదానమే, మాట్లాడినా నిదానమే, చొక్కా గుండీలు పెట్టుకోవడానికి కూడా కొండెక్కినంత సేపు పట్టే మనిషి కాబట్టి, బండిని లో గేరులో వేసినట్టున్నాడని కొండ కింద జీపు షెడ్డులో ఎవరో తగిలించారు. ఆయనకు కోపం రాలేదు. పైగా ఎవరైనా అసలు పేరుతో పిలిస్తే ఇంకెవరినో అనుకుని పక్కకు తప్పుకుని దారిచ్చేవాడు.

కొండ కొసన ఫోను సిగ్నళ్ళ టవరు ఉంది. దాని పక్కన జనరేటరు గది. ఆ గదికి డీజిలు డ్రమ్ములు, బ్యాటరీలు, డ్యూటీ మారే మనుషులు, అన్నీ కింద షెడ్డు నుంచే పోవాలి. దారి అని పేరే గానీ అది వట్టి రాళ్ళగుట్ట, మధ్యలో ఒక వాగు. మామూలు బండి మొదటి మలుపులోనే చేతులెత్తేస్తుంది. ఎక్కగలిగింది ఒక్కటే, నాలుగు చక్రాలకూ ఇంజను బలం అందే పాతకాలపు జీపు. దాని రంగేమిటని అడిగితే షెడ్డులో తలో మాటా చెబుతారు. ఆ జీపును నడపగలిగినవాడు కూడా ఒక్కడే కావడంతో వచ్చింది చిక్కంతా.

జీపు డ్యాష్‌బోర్డు మీద రెండు చిన్న దీపాలుంటాయి. ఒకటి ఆకుపచ్చ. బండి ఆపి, క్లచ్ నొక్కి, గేరు రాడ్డు పక్కనున్న పొట్టి రాడ్డును లాగితే లో రేంజి పడుతుంది, అంటే వేగం చచ్చి బలం పెరుగుతుంది. పడిందని చెప్పడానికి ఆకుపచ్చ వెలగాలి. రెండోది నారింజ. రాళ్ళలో వెనక చక్రం ఒకటి గాల్లో గిరగిరా తిరుగుతుంటే రెండోది కదలకుండా మొరాయిస్తుంది. అప్పుడు రెండింటినీ కలిపి బిగించే తాళం ఒకటుంది, డిఫ్ లాక్ అంటారు. దాని మీట తిప్పగానే నారింజ దీపం మినుకుమంటుంది. మినుకుమంటోందంటే తాళం ఇంకా పడలేదని అర్థం. నిలకడగా వెలిగితేనే పడినట్టు. చాలామంది మినుకుమనగానే పని అయిపోయిందనుకుని యాక్సిలరేటరు తొక్కేస్తారు, లోపల గేర్ల పళ్ళు విరుగుతాయి. విప్పేటప్పుడూ అంతే. మీట వెనక్కి తిప్పేసినా ఒక్కోసారి దీపం ఆరదు. బండిని కాస్త వెనక్కి నడిపితే లోపలి బిగువు సడలి అప్పుడు ఆరుతుంది.

ఇదేం బ్రహ్మవిద్య కాదు. ఎవరికైనా ఒక పూటలో చెప్పొచ్చు. కానీ ఆ జీపులో ఆకుపచ్చ దీపం వైరు ఎప్పుడో వదులైంది. లో రేంజి పడినా వెలగదు. డ్యాష్‌బోర్డు కింద ఒకచోట పిడికిలితో తడితే వెలుగుతుంది. ఎక్కడ తట్టాలో, ఎంత గట్టిగా తట్టాలో లోగేరుకే తెలుసు. అప్పటి ఇంజనీరు వైరు మార్పిస్తానంటే మన మహానుభావుడు ఏమన్నాడో తెలుసా? "ఎందుకు సార్, నేనున్నానుగా" అన్నాడు. ఆ తర్వాత ఇంకో డ్రైవరును పంపితే తట్టే చోటు చూపించనేలేదు. దీపం వెలగలేదు కాబట్టి లో రేంజి పడలేదనుకుని అతను రాడ్డును మళ్ళీ మళ్ళీ లాగి, లోపల కరకరలాడించి, ఈ బండికో దండం అని వెళ్ళిపోయాడు. ఆ రోజు ఈయన మీసాల్లో నవ్వుకున్నాడు. తన గొయ్యి తానే తవ్వుకుంటున్నానని అప్పుడు తెలిస్తే కదా!

భార్యకు ఆయాసం. కొండ కింద క్వార్టర్లో గోడలు ఎప్పుడూ చెమర్చే ఉంటాయి. దుప్పటి ఆరేస్తే ఆరదు, అగ్గిపుల్ల గీస్తే వెలగదు. అక్కడ ఊపిరాడక ఆమె పట్నంలో తన అక్క ఇంటి వెనకగదిలోకి మారింది. సెలవు దొరికితే ఈయన వెళ్ళొస్తాడు. దొరికితేనే. మీరెళ్తే బండెవరు నడుపుతారు అనేది షెడ్డులో సిద్ధంగా ఉండే జవాబు. నిరుడు వానల్లో ఆమెను ఆస్పత్రిలో చేర్చిన రోజున కూడా ఈయన కొండమీద డ్రమ్ములు దింపుతున్నాడు. తీరా వెళ్ళేసరికి ఆమె ఇంటికొచ్చేసింది.

"నన్ను చూడ్డానికొచ్చారా, డీజిలు పొయ్యడానికొచ్చారా? ఆ వాసనేంటండీ" అని నవ్వింది. నవ్వుతూనే దగ్గింది. తిరుగు బస్సులో, దూరంగా కొండ కనపడగానే, దిగి వెనక్కి పరిగెత్తాలనిపించింది. పరిగెత్తలేదు. ఆ సాయంత్రం పైకి వెళ్ళాల్సిన బ్యాటరీలున్నాయి.

ఇన్నాళ్ళకు పట్నంలో కంపెనీ స్టోర్సులో డ్రైవరు ఉద్యోగం ఖాళీ పడింది. లోగేరు బదిలీకి అర్జీ పెట్టుకున్నాడు. ఇప్పటి ఇంజనీరు ఈయన కొడుకు వయసువాడు. మంచివాడే గానీ వట్టి భయస్తుడు.

"నా కళ్ళముందు ఇంకొకరు వాగు దాటించి బండి పైకి తీసుకెళ్తే మీ బదిలీకి సంతకం పెట్టేస్తాను పెద్దాయనా. లేకపోతే మిమ్మల్ని వదిలి నేను పైవాళ్ళకేం చెప్పుకోను?" అన్నాడు.

ఆ ఇంకొకరు ట్యాంకరక్క. షెడ్డుకు మంచినీళ్ళ ట్యాంకరు తోలే మనిషి. ఆమె రివర్సులో ట్యాంకరును సందులోకి పెడుతుంటే జనం టీ చల్లారబెట్టుకుని మరీ చూసేవాళ్ళు. మొదటి రోజే జీపు దిగి నడుం పట్టుకుంది.

"బాబాయ్, ఇది బండా, అత్తగారా? ప్రతిదానికీ బతిమాలాలి."

"బతిమాలితే వింటుందిగా, సంతోషించు" అన్నాడు లోగేరు.

తట్టే చోటు చూపించాడు. ఇన్నేళ్ళలో ఇంకొకరికి చూపించడం అదే మొదలు. ఆమె ఒక్కటి తట్టింది, ఆకుపచ్చ వెలిగింది. ఓస్ ఇంతేనా అన్నట్టు చూసింది. ఇంటి తాళంచెవి ఇచ్చేసినట్టు ఆయనకు చెయ్యి వెలితిగా తోచింది. నారింజ దీపం సంగతి కూడా విప్పి చెప్పాడు. "మినుకుమంటుంటే తొక్కకమ్మా. నడిచినట్టు పోనీ. వెనక చక్రాలు రెండూ ఒకే తీరుగా తిరుగుతుంటే పళ్ళు సందు దొరక్క ఎదురెదురుగా నిలబడిపోతాయి. స్టీరింగు కాస్త ఇటూ అటూ ఆడించు. ఒక చక్రం జరిగిందా, టక్కున పడుతుంది." ఆమె పట్టేసింది. ఆయన్ను పక్కన కూర్చోబెట్టుకుని ఖాళీ బండితో ఎక్కింది, డ్రమ్ములతో ఎక్కింది, వాన వెలిసిన మర్నాడూ ఎక్కింది.

ఫోనులో ఈ కబురు వినగానే భార్య అక్కనడిగి రెండో మంచం తెచ్చి గదిలో వేయించింది. "కిటికీ పక్కది మీకు. నాకు గాలి తగిలితే దగ్గొస్తుంది" అంది. ఆయన ఫోను పెట్టేశాక కూడా ఆ కిటికీలోంచి ఏం కనిపిస్తుందో గుర్తు తెచ్చుకుంటూ చాలాసేపు క్వార్టరు మెట్ల మీదే కూర్చున్నాడు.

పరీక్ష రోజు రానే వచ్చింది. ట్యాంకరక్క స్టీరింగు ముందు, లోగేరు ఆమె పక్కన, వెనక డ్రమ్ముల మధ్య కాళ్ళు ముడుచుకుని ఇంజనీరు. వాగు ముందు ఆమె బండి ఆపింది. క్లచ్ నొక్కి పొట్టి రాడ్డు లాగింది, పిడికిలితో తట్టింది, ఆకుపచ్చ వెలిగింది. మీట తిప్పింది, నారింజ మినుకుమంది. బండిని నడిచినట్టే పోనిచ్చింది.

దీపం మినుకుమంటూనే ఉంది. దారి అక్కడ కాస్త చదును, చక్రాలు రెండూ ఒకే తీరుగా దొర్లుతున్నాయి. వాగు దగ్గరపడుతోంది. వెనక నుంచి ఇంజనీరు, "అదేంటి, ఇంకా ఆగి ఆగి వెలుగుతోంది?" అన్నాడు. ఊరుకో, ఊరుకో అని లోగేరు తనకు తానే చెప్పుకున్నాడు. జన్మలో ఏ పనికీ తొందరపడని మనిషి, ఆ ఒక్క క్షణం ఆగలేకపోయాడు. చెయ్యి చాచి స్టీరింగు తిప్పబోయాడు.

టక్కుమంది. నారింజ దీపం నిలిచింది. బండి రాళ్ళను తొక్కుకుంటూ వాగు దాటి ఎక్కేసింది.

ఆయన అరచేయి పడింది స్టీరింగు మీద కాదు, ఆమె వేళ్ళ మీద. ఆ వేళ్ళు అప్పటికే తిప్పుతున్నాయి. ఆ సంగతి ఆయన చేతికి తెలిసింది, ఆమెకు తెలిసింది. వెనక కూర్చున్నవాడికి తెలియలేదు.

పైన జనరేటరు గది ముందు బండి ఆగింది. ఆమె మీట తిప్పేస్తే దీపం ఆరలేదు. బండిని కాస్త వెనక్కి నడిపింది, ఆరింది. అది చూడ్డానికి ఇంజనీరు అక్కడ లేడు, దూకి ముఖం కడుక్కోవడానికి పోయాడు.

"నేనే తిప్పుతున్నా బాబాయ్" అంది ఆమె మెల్లగా. అందులో నిష్ఠూరం లేదు. అదే ఆయన్ను ఎక్కువ కోసింది.

లోగేరు పరుగులాంటి నడకతో ఇంజనీరు దగ్గరికి పోయాడు. "సార్, ఆ అమ్మాయే తిప్పింది. నేను ఊరికే చెయ్యేశానంతే. తను అప్పటికే తిప్పుతోంది సార్, ఒట్టు."

ఇంజనీరు రుమాలుతో మెడ తుడుచుకుంటూ నవ్వాడు. "మీ మంచితనం నాకు తెలీదా పెద్దాయనా! మీ చెయ్యి పడకపోతే మనం ఇప్పుడు వాగులో ఉండేవాళ్ళం. నా కళ్ళతో చూశాను. సంతకం నా వల్ల కాదండీ. వచ్చే ఏడాది చూద్దాం. ఇప్పటికి ఏం కంగారు, మీరున్నారుగా."

ఎన్నేళ్ళ కిందటో ఇదే కొండ మీద, అప్పటి ఇంజనీరు మీదికి లోగేరు తాను విసిరిన మాటే అది. ఇంజనీరు వెళ్ళి జీపులో పక్క సీట్లో కూర్చుని, దిగేటప్పుడు మీరే నడపండి అన్నట్టు స్టీరింగు వైపు చెయ్యి చూపించాడు. ట్యాంకరక్క వెనక ఖాళీ డ్రమ్ముల మధ్యకు మారింది. లోగేరు బండిని కిందికి దించాడు. ఎప్పట్లాగే అద్భుతంగా దించాడు, ఒక్క రాయి కూడా కదల్లేదు. తన చేతుల్ని చూస్తేనే ఆయనకు ఒళ్ళు మండిపోయింది.

కింద క్వార్టరు మెట్ల మీద కూర్చుని ఫోను చేశాడు. ఒక్క రింగుకే ఎత్తింది.

"అయిందాండీ?"

"ఈసారికి కాలేదే. వదల్లేదు."

అవతల ఆమె రెండుసార్లు దగ్గింది.

"సరేలెండి" అంది. "మీరేం దిగులు పెట్టుకోకండి, ఇక్కడ అక్కుందిగా. ఆ మంచం మాత్రం తిరిగిచ్చేస్తాను. నడవడానికి అడ్డమొస్తోంది."