అన్న కారులో చిన్న ఫ్రిజ్

పాలకుర్తిలో మా తెలంగాణ దీక్షా శిబిరం నడిపే అన్న పొద్దున్నే తన కారు తెచ్చి నా షాపు ముందు ఆపాడు. ఈ రోజు బంద్. కార్ల కరెంటు పని చేసే నేను కూడా షట్టర్ దించి ఉన్నాను. ముందు సీట్ల మధ్య కన్సోల్‌లో చిన్న ఫ్రిజ్ బిగించాలన్నాడు.

"బంద్ గదా అన్నా?"

"దీక్షల కూసున్నోళ్లకు సల్లని నీళ్లు వద్దా? సగం షట్టర్ లేపు తమ్మీ."

ఈ రోజు దీక్షలో మా అవ్వ కూడా ఉంది. అందుకే కాదనలేదు. కన్సోల్ కోసి, డబ్బా కూర్చోబెట్టి, బ్యాటరీ నుంచి వైరు లాగాను.

మధ్యాహ్నం ఎండకు అవ్వ నోరెండిపోయింది. చల్లని నీళ్లు తెస్తానని చెప్పి శిబిరం పక్కన ఆపిన అన్న కారు దగ్గరికి వెళ్లాను. అన్న మెడలో దీక్ష దండ అలాగే ఉంది. అద్దాలు ఎత్తుకుని లోపల కూల్‌డ్రింక్ తాగుతున్నాడు. నన్ను చూసి తలుపు తీశాడు.

"మస్తు సల్లగైనయ్ తమ్మీ! పనంటే నీదే."

"నువ్వు గూడ దీక్షల ఉన్నవ్ గదా అన్నా?"

"గిది తిండా ఏంది? తాగుడే గదా!"

"అవ్వకు జర నీళ్లియ్యన్నా."

"నీళ్లు పెట్టలే తమ్మీ. ఫ్రిజ్ నిండ కూల్‌డ్రింకులే, జాగ ఏడున్నది?"

శిబిరంలోని డ్రమ్ము నీళ్లే తీసుకెళ్లి అవ్వకిచ్చాను.

"సల్లగ లేవేంది కొడుకా?" అంది.

ఫ్రిజ్ ఇంకా చల్లబడలేదన్నాను.

రేపు దీక్షలో నా వంతు. కూర్చుంటాను, తెలంగాణ ఆ అన్న ఒక్కడి సొత్తు కాదు కదా. బంద్ రోజు షట్టర్ లేపినందుకు తిట్టండి, పడతాను. కానీ ఆ అన్న మాట నమ్మే అవ్వ ఇల్లు కదిలి దీక్షకొచ్చింది. ఆమెకు నిజం చెప్పమంటారా?