మా గేటుకు మామిడాకులు

మనవరాలు ఫోన్ చేసినప్పుడు నేను గుమ్మంలో కూర్చుని మునగాకు దూస్తున్నాను. తను ఎస్టోనియాలో కంప్యూటర్ పని చేస్తుంది. యూరప్‌లో ఒక చలి దేశం.

"అమ్మమ్మా, మా పెళ్ళి అయిపోయినాది. ఇక్కడ సట్టం ఒప్పుకున్నాది. ఇద్దరం సంతకాలు పెట్టేసినాం."

ఇద్దరూ ఆడపిల్లలే, రెండో పిల్ల ఆ దేశపు తెల్లమ్మాయి. చాన్నాళ్ళుగా కలిసి ఉంటున్నారు. తెలిసిన రోజున నోటికొచ్చినట్టు తిట్టాను, తర్వాత ఊరుకున్నాను. వచ్చే నెల ఇద్దరూ మలేసియాలో మా ఊరు సుంగై పెటాని వచ్చి నా కాళ్ళకు దణ్ణం పెడతామంది.

పెళ్ళయిన ఇంటి గేటుకు పచ్చాకు లేకపోతే ఎలా? రబ్బరు తోటలో రేకుల ఇళ్ళల్లో ఉన్నప్పుడు కూడా మావాళ్ళు తోరణం మానలేదు. పెరట్లో మామిడి కొమ్మ విరిచి కట్టేశాను. మనవరాలి తల్లి, నా కూతురు, ఫ్యాక్టరీ నుంచి ఇంకా రాలేదు.

ఎదురింటామె వచ్చింది. మా తెలుగామే.

"ఏటి పెద్దమ్మా, తోరణం కట్టినావు? ఎవుల పెళ్ళి?"

"మనవరాలిది."

"మాకు సెప్పకుండానా? పెళ్ళికొడుకు ఏ ఊరోడు? తెల్లోడా?"

ఎవరికీ జంకే మనిషిని కాను. అప్పుడు మాత్రం మాట మార్చాను. "నీ పొయ్యి మీద పులుసు మాడతన్నాది, పో" అన్నాను. ఆమె నవ్వింది గాని కదల్లేదు. వీధంతా వినేలా పెళ్ళికొడుకు ఫొటో చూపించమంటూ నిలబడింది.

కూతురు వస్తూనే ఆకులు తెంపి సంచిలో కుక్కింది. నన్ను లోపలికి లాగి తలుపు వేసింది.

"అక్కడ ఒప్పుకుంటే ఇక్కడ ఒప్పుకున్నట్టా అమ్మా? ఇక్కడ నేరం. ఆమె నోరు నీకు తెల్దా? పిల్లలు వచ్చినాక ఎవులైనా పోలీసుకి సెప్తే ఏటి సేస్తావు?"

అప్పటి నుంచి ఇంటి ముందు మోటారుసైకిలు ఆగితే లేచి కిటికీ సందులోంచి చూస్తున్నాను. అరవై దాటాక గుడిలో అక్షరాలు నేర్చుకున్నాను. ఇది నోటితో చెప్పే ధైర్యం లేక రాస్తున్నాను.

ఆదివారం మనవరాలు మళ్ళీ వీడియో ఫోన్ చేసింది. టిక్కెట్లు కొనమంటావా అని అడిగింది.

"వద్దే. రాకండి."

"నువ్వు కూడానా అమ్మమ్మా?"

"కోపం కాదే. భయం. ఆ పిల్లని పిలు."

ఆ తెల్ల పిల్ల ఫోన్ తెర మీదికి వచ్చి చేతులు జోడించి తల వంచింది. నేను కిటికీ మూసి, గొంతు తగ్గించి, "సల్లగా..." అని దీవించబోయాను. గేటు దగ్గర చెప్పుల చప్పుడైంది. ఫోన్ కొంగు కింద దాచేశాను. కొంగు లోపలి నుంచి ఆ పిల్ల "అమ్మమ్మా, అమ్మమ్మా" అని పిలుస్తూనే ఉంది. ఎక్కడ నొక్కితే ఆగుతుందో నా వేళ్ళకు అందలేదు.