చప్పుడు లేని తెర

మా ఊరి నాటకశాలలో ముప్పై ఏళ్లు తెర లాగినవాడు చిన్నపోలయ్య. ఇందుకూరుపేట దాటి సముద్రం వైపు వస్తే మా ఊరు, ఊరికి తూర్పున చేపలు పట్టేవాళ్లుండే పట్టపుపాళెం. ఆయన పాళెం మనిషి. ఊరిపెద్ద పద్మనాభయ్యగారి నాయన నాటకశాల కట్టించిన కొత్తలో, తెర బరువుకు ఊళ్లోవాళ్ల చేతులు చాలక, వల లాగేవాడయితే నయమని ఆయన్ను పిలిపించారట. అప్పటికి ఆయనకు పద్దెనిమిదేళ్లు. కుదుపు లేకుండా, ఆగకుండా తెర పైకి పోవడం చూసి, ఆ తాడు ఇంక వేరెవరి చేతికీ ఇవ్వలేదు.

ముందు తెర మీద శ్రీరామ పట్టాభిషేకం. దాన్ని వేసింది బడేసాహెబ్. బండ్లకూ, గుడి వాహనాలకూ రంగులు వేసే మనిషి. ఆ తెర పూర్తయ్యే నలభై రోజులూ ఇంట్లో నీసు వండనివ్వలేదని ఆయన భార్య బీజాన్ చెప్పేది. ఎవరూ ఆయన్ను అట్లా ఉండమని అడగలేదు. నాటకం ముందు ఆ తెరకు కొబ్బరికాయ కొట్టి హారతి ఇచ్చేవారు. చిన్నపోలయ్య తాడు పట్టుకునే ముందు తెర అడుగున స్వామి పాదాలు తాకి కళ్లకద్దుకునేవాడు. తరువాత తెర వెదురుగడకు చుట్టుకుంటూ పెళపెళమని లేచేది. ఎండిన రంగు బిరుసుకు మోగడం అది. ఆ చప్పుడు వినగానే జనం మాటలు ఆపేవారు.

పందొమ్మిది వందల యాభై ఎనిమిది చివర వచ్చిన గాలివానకు వేదిక మీది కప్పు తప్ప నాటకశాల రేకులన్నీ లేచిపోయాయి, ఒక గోడ పడింది. తెల్లవారగానే చిన్నపోలయ్య మొలలోతు నీళ్లలో పోయి, తెర గడను కిందికి దించి, పాత తెరచాపలో చుట్టి భుజాన వేసుకొచ్చాడు. ఇంట్లో పొయ్యి మీది అటక ఎక్కించాడు. మరుసటేడు ఆయన భార్య నాగులమ్మ జ్వరంతో పోయింది. అప్పటినుంచి ఆ ఇంట్లో ఆయనా, ఆ తెరా. ఊళ్లోకి టూరింగ్ టాకీసు వచ్చింది. నాటకశాలలో మేకలు పడుకునేవి.

అరవై నాలుగులో పద్మనాభయ్యగారు పూనుకున్నారు. గోడ లేచింది, కప్పు మీదికి పెంకు వచ్చింది. ఊళ్లో ఇంటికొక మనిషి ఒక రోజు పని ఊరికే చేశారు. పని చేసేవాళ్లకు బీజాన్ రోజూ కడవెడు మజ్జిగ తెచ్చి పోసేది. వచ్చే ఏడు శ్రీరామనవమికి తలుపులు తెరవాలనీ, ఆ రోజు బడేసాహెబ్‌కు ఆయన వేసిన తెర ముందే శాలువా కప్పాలనీ నిర్ణయించారు. అప్పటికే ఆయన రెండు కళ్లకూ పొరలు కమ్మి, వెలుగూ నీడా తప్ప తెలియడం లేదు.

నవమికి వారం ముందు, శుక్రవారం నాడు, చిన్నపోలయ్య అటక మీది తెర దించి పెరట్లో పరిచాడు. ఆరేళ్ల పొయ్యి పొగ. చేపల వాసన. స్వామి ముఖం మసిలో ఉంది. అట్లా తీసుకుపోయి హారతి ఇప్పించడానికి ఆయనకు మనసొప్పలేదు. తలస్నానం చేసి, తడిబట్టతో మంచినీళ్ల బావి నుంచి నీళ్లు తెచ్చి, బిందెలో చిటికెడు పసుపు వేసి, పాదాల దగ్గర మొదలుపెట్టి పోశాడు. గుళ్లో అభిషేకం ఎట్లా చూశాడో అట్లాగే. నల్లటి నీళ్లు పారాయి. మసి పోతోందనుకుని ఇంకో బిందె పోశాడు. తరువాత ఎర్రటి నీళ్లు వచ్చాయి, తరువాత పచ్చవి. చేతిలో బిందె అట్లాగే ఉంది. ఎంతసేపు నిలబడ్డాడో ఆయనకు తెలియదు. తెర ఆరాక చూస్తే తెల్లగుడ్డ, అక్కడక్కడా లేత మరకలు.

ఆ గుడ్డనే మడిచి తీసుకుపోయి పద్మనాభయ్యగారి ముందు పెట్టాడు. ఆయన తిట్టకుండా ఒకటే మాట చెప్పారు.

"బడేసాహెబ్‌కు చెప్పబాక పోలయ్యా. ఆయనకు యాడ కనిపిస్తాది? శాలువా కప్పి సంతోషంగా పంపిద్దాం. ఈ వయసులో తట్టుకోలేడు."

అది దయతో చెప్పిన మాటే. అయినా చిన్నపోలయ్య ఆ వారంలో మూడుసార్లు బడేసాహెబ్ ఇంటికి పోయాడు, చెప్పేద్దామనే. మూడుసార్లూ బీజాన్ పీట వేసి టీ ఇచ్చింది. మూడోసారి బడేసాహెబ్, సీతమ్మవారి చీర అంచు వెలిసిందా అని అడిగాడు. లేదని చెప్పి, టీ తాగి వచ్చేశాడు. ఆ వారమంతా అన్నం తిన్నదీ, పడుకున్నదీ గుర్తులేదని తరువాత నాతో అన్నాడు.

నవమి నాడు శాల నిండింది. తెల్లతెరను చూసి ఇంకా బొమ్మ వేయని కొత్త తెర అనుకున్నారు, ఎవరూ అడగలేదు. బడేసాహెబ్‌కు శాలువా కప్పి ముందు వరసలో కూర్చోబెట్టారు. తెర సంగతి చూసిన బీజాన్ ఆయన చెవిన వేయలేదు. చిన్నపోలయ్యకు తాడు పట్టుకున్నాక గానీ ఆ సంగతి తట్టలేదు. తెర చప్పుడు చేయదు. బడేసాహెబ్‌కు కళ్లు లేకపోయినా చెవులున్నాయి. కానీ లోపల హార్మోనియం మొదలైంది. లాగాడు. తెర తడిసిన తెరచాపలాగా చడీచప్పుడు లేకుండా పైకి పోయింది. ముందు వరసలో బడేసాహెబ్ ముఖం పైకెత్తి, అట్లాగే ఉండిపోయాడు.

మొదటి అంకం అయ్యి తెర దిగాక, బీజాన్ చెయ్యి పట్టుకుని ఆయన వేదిక పక్కకు వచ్చాడు.

"పోలయ్యా, తెర మోగలేదేంది?"

"కడిగినానన్నా. స్వామి మసిపట్టి ఉండాడని తానం చేయించినాను. రంగంతా పోయింది. మూడు తూర్లు మీ ఇంటికొచ్చి గూడా చెప్పలేకపోయినాను."

బడేసాహెబ్ తెర అంచును రెండు వేళ్ల మధ్య పట్టుకుని నలిపి చూశాడు.

"తుమ్మబంకలో కలిపిన రంగులు. నీళ్లు తగలగూడదని నీకు ఒక్క మాట చెప్పింటే సరిపొయ్యేది. ఇన్నేళ్లలో చెప్పలేదు చూడు నేను." మళ్లీ తనే అన్నాడు, "స్వామి గాబట్టి ఊరకుండి పోయించుకున్నాడు. నేనయితే మా ఇంట్లో తిట్టినా నీళ్లు పోసుకోను."

"నిజమే పోలన్నా, తిట్టి తిట్టి నా నోరు పోయింది," అంది బీజాన్.

చిన్నపోలయ్యకు నవ్వూ రాలేదు, ఏడుపూ రాలేదు. తాడు కొసను మేకుకు చుట్టి, మళ్లీ విప్పి, మళ్లీ చుట్టాడు.

"గుడ్డ గట్టిగానే ఉండాది," అన్నాడు బడేసాహెబ్. "రేపు మా ఇంటికి ఎత్తుకొనిరా. గంజి పెడదాం. బిరుసుంటే మోగతాది. నాకు అది చాలు."

మరునాడు బీజాన్ రెండు అండాల గంజి కాచింది. తెరను ఇసుక మీద చాప పరిచి దాని మీద వేశారు. ఒక కొసన చిన్నపోలయ్య, ఒక కొసన బడేసాహెబ్ కూర్చుని చేతులతో గంజి రుద్దారు. రాముడు ఇక్కడ, హనుమంతుడు అక్కడ అని బడేసాహెబ్ తడుముతూ చెబుతుంటే, చిన్నపోలయ్య ఊ కొట్టాడు. మూడో రోజు నాటకానికి తెర పెళపెళమంది. ముందు వరసలో బడేసాహెబ్ తల ఊపాడు. తనకు మాత్రం ఏమీ అనిపించలేదనీ, చేతులు వాటంతట అవే లాగాయనీ చిన్నపోలయ్య చెప్పేవాడు.

నెల్లూరు నుంచి రంగులవాడిని పిలిపిస్తానని పద్మనాభయ్యగారు అన్నారు. ఆ మాట అట్లాగే ఉండిపోయింది. చిన్నపోలయ్య మరి నాలుగేళ్లు తెర లాగాడు. ప్రతిసారీ తాడు పట్టుకునే ముందు వంగి, ఆ తెల్లగుడ్డ అడుగున పాదాలుండిన చోట చెయ్యి ఆనించి, కళ్లకద్దుకునేవాడు.